మిత్రదేశంలో పెట్టిన సంతకం

ఆ దేశం పేరు రాయను. అక్కడి మనుషులకు నా వల్ల జరిగింది చాలు, ఇంకో ఇబ్బంది రాకూడదు. సముద్రం అవతల ఉన్న దేశం, మనకు మిత్రదేశం. అంతవరకు తెలిస్తే సరిపోతుంది.

నేను సైన్యంలో ఇరవైనాలుగేళ్లు పనిచేశాను. ఇంజినీర్ల విభాగం కాబట్టి తుపాకీ కంటే గడ్డపార ఎక్కువ పట్టినవాణ్ణి. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, అడ్డమొచ్చిన బండల్ని పేల్చడం మా పని. మాది తర్లుపాడు పోయే దారిలో ఒక పల్లె. నాయన మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల్లో రాయి చీల్చేవాడు. రాయి ఎక్కడ పగులుతుందో అరచేత్తో తడిమి చెప్పేవాడు. ఆ తడమడం నాకూ కొంచెం అబ్బింది. అది చూసే అధికారులు నన్ను పేలుడు పనిలోకి తీసుకున్నారు.

సర్వీసు ఇంకో మూడేళ్లుందనగా పన్నెండుమందిని ఏరి ఆ దేశానికి పంపారు. అందులో నేనొకణ్ణి, అప్పటికి హవల్దార్‌ని. వాళ్ల సైనికులకు రాయి పేల్చే పని నేర్పాలి. నేర్పుతూనే వాళ్లతో కలిసి సరిహద్దు వైపు ఒక కొండదారి వేయాలి. బయలుదేరేముందు ఢిల్లీలో రెండు రోజులు కూర్చోబెట్టి పాఠం చెప్పారు. చెప్పినాయన సైనికుడు కాదు, కోటు వేసుకున్న పెద్దాయన. "అక్కడ మీరు సైనికులు కాదు, రాయబారులు" అన్నాడు. వాళ్ల రాజకీయాలు మాట్లాడకూడదు. వాళ్ల తిండిని చూసి మొహం పెట్టకూడదు. వాళ్లతో ఎట్టి పరిస్థితిలోనూ తగాదా పడకూడదు. ఫొటో తీసేటప్పుడు నవ్వాలి. అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. నవ్వడం కూడా డ్యూటీయే అని వినడం అదే మొదటిసారి.

అక్కడ నాకు జతగా వాళ్ల సైన్యంలోని ఒక సార్జెంటును ఇచ్చారు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. పొట్టిగా గట్టిగా ఉండేవాడు, నడిస్తే వెనకవాళ్లు పరుగెత్తాల్సిందే. అతనికి హిందీ రాదు, నాకు వాళ్ల భాష రాదు. ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి చాలేంత లేదు. అందుకని తెలుగు మాటలు కొన్ని నేర్పాను. ఆగు, రా, పో, చూడు, అన్నం తిన్నావా. వాటిని వాళ్ల రాగంలో పలికేవాడు. అతను నేర్పిన మాటలకు మాత్రం నా నోరు తిరగలేదు. అతనికి అది పెద్ద వినోదం.

ఒకరోజు క్యాంపు కంచె వెంబడి గోంగూర కనబడింది. మొదట నమ్మలేదు. ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను, అదే పులుపు. వాళ్లు దాన్ని చేపల పులుసులో వేస్తారట. నేను ఎండుమిరపకాయలు వేయించి, రోలు లేక ఇనప డబ్బాలో దంచి పచ్చడి చేశాను. సార్జెంటు కళ్లల్లో నీళ్లు కారుతున్నా రెండుసార్లు అడిగి తిన్నాడు. ఆ రోజు "బాగుంది" అనే మాట కూడా నేర్చుకున్నాడు. తర్వాత పర్సులోంచి కూతురి ఫొటో తీసి చూపించాడు. పన్నెండేళ్ల పిల్ల, బడి బట్టల్లో ఉంది. ఒక్కతే కూతురు.

పేలుడు పనిలో నేను అతనికి మొదటిరోజే చెప్పిన సంగతి ఒకటుంది. మందు పెట్టి వత్తి అంటించాక పేలకపోతే ముప్పై నిమిషాలదాకా ఎవరూ దాని దగ్గరికి పోకూడదు. లోపల వత్తి నెమ్మదిగా కాలుతూ ఉండవచ్చు. ఎవరొచ్చి చెప్పినా పోకూడదు. సార్జెంటు ఆ ముప్పై అంకెను సుద్దముక్కతో లారీ తలుపు మీద రాసి, తన సైనికుల చేత రోజూ చదివించేవాడు.

దారి పూర్తి కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ప్రారంభానికి మన రాయబారి, వాళ్ల మంత్రి వస్తారన్నారు. ఉదయం పదకొండుకు కార్యక్రమం. అంతకు రెండు రోజుల ముందు వానకు కొండ జారి, చివరి మలుపులో ఒక బండ వచ్చి పడింది. యంత్రానికి లొంగలేదు. ప్రారంభం రోజు పొద్దున్నే ఐదు రంధ్రాలు కొట్టి మందు కూరాం. నాలుగు పేలాయి. ఐదోది పేలలేదు. గడియారం చూసుకుని అందర్నీ ఆగమన్నాను.

మా అధికారి కింద వంతెన దగ్గర ఏర్పాట్లు చూస్తున్నాడు. చెడ్డవాడు కాదు. నా కొడుక్కి జబ్బు చేసినప్పుడు అడగకుండానే సెలవిచ్చినవాడు. వైర్‌లెస్‌లో పిలిచాడు.

"అయిందా?"

"ఒకటి పేలలేదు సార్. ముప్పై నిమిషాలు ఆగాలి."

"అతిథుల కార్లు బయలుదేరాయి. రాళ్లు తీయడానికే గంట పడుతుంది కదా."

"ఆగాలి సార్."

"అనుభవం ఉన్నవాడివి. నువ్వు చూసుకో" అని ఆపేశాడు.

ఆయన పొమ్మని అనలేదు. ఇది నేను ఎన్నోసార్లు తలుచుకున్నాను. కాని "నువ్వు చూసుకో" అంటే ఏమిటో ఇరవై ఏళ్లు పైబడి పనిచేసినవాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పని జరిగితే మంచిదే, తప్పు జరిగితే నాది.

పన్నెండు నిమిషాలయింది. రాత్రంతా వాన పడింది కాబట్టి వత్తి చెమ్మకి ఆరిపోయి ఉంటుంది అనుకున్నాను. నిజానికి అట్లా అనుకోవాలని నాకుంది. పోవాల్సింది నేను. నేనింకా తటపటాయిస్తూ ఉండగానే సార్జెంటు లేచి నిలబడ్డాడు. వైర్‌లెస్‌లో ఏం మాట్లాడామో అతనికి భాష తెలియకపోయినా అర్థమైంది. పోనా అన్నట్టు బండవైపు చెయ్యి చూపించాడు.

"పో" అన్నాను. "చూడు."

ఎవరూ చెప్పకుండా నాకు నేనుగా అన్న మాటలు ఆ రెండే. అతను బండ మీదికి వంగేసరికి పేలింది.

కుడిచెయ్యి మణికట్టు వరకు పోయింది. ఎడమకన్ను పోయింది. నేను, ఇంకో ఇద్దరు కలిసి మోసుకుంటూ లారీ దగ్గరికి తెచ్చాం. అతను అరవలేదు. నా చొక్కా కాలరు ఎడమచేత్తో పట్టుకుని ఆస్పత్రి దాకా వదల్లేదు.

ప్రారంభం ఆగలేదు. రెండు గంటలు ఆలస్యమైంది, అంతే. నేను వేరేవాళ్ల చొక్కా వేసుకుని వరసలో నిలబడ్డాను. భుజాల దగ్గర బిగుతుగా ఉంది. రెండు జాతీయగీతాలూ పాడారు. మన రాయబారి ఈ దారి రెండు దేశాల స్నేహానికి గుర్తు అన్నారు. వాళ్ల మంత్రి అదే మాట వాళ్ల భాషలో అన్నారు. పాపం, వాళ్లకు పైన జరిగింది అప్పటికింకా ఎవరూ చెప్పలేదు. తర్వాత ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

పదిరోజుల తర్వాత విచారణ పెట్టారు. వాళ్ల అధికారులు ఇద్దరు, మనవాళ్లు ఇద్దరు. ముందురోజు సాయంత్రం మా అధికారి నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. అన్నేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"నువ్వు పంపావని రాస్తే మన సైనికుడి ఆజ్ఞ వల్ల వాళ్ల సైనికుడు చెయ్యి పోగొట్టుకున్నాడని అవుతుంది. అక్కడి పేపర్లు ఊరుకోవు. ఇంకా నాలుగు దారులకు మాటలు నడుస్తున్నాయి. మీరందరూ వెనక్కి పోవాల్సి వస్తుంది. నీ ఒక్కడి సంగతి కాదిది."

"మరి అతని సంగతేంది సార్?"

"అతనికి వైద్యం వాళ్లు చేయిస్తారు. అతనంతట అతను తొందరపడి వెళ్లాడని రాస్తే ఎవరి మీదా కేసు ఉండదు. ఎవరికీ నష్టం లేదు."

ఎవరికీ నష్టం లేదు అన్నమాట ఆయన కూడా నమ్మాడనే అనుకుంటాను. మర్నాడు టైపు చేసిన కాగితం నా ముందు పెట్టారు. టీ, బిస్కెట్లు కూడా పెట్టారు. "సదరు సార్జెంటు సూచనలకు విరుద్ధంగా, తనంతట తానుగా" అనే వాక్యం ఇంగ్లీషులో ఉంది. నాకా మాత్రం ఇంగ్లీషు వచ్చు. సంతకం పెట్టాను.

తిరిగి వచ్చేముందు ఆస్పత్రికి పోయాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "అన్నం తిన్నావా?" అన్నాడు. తిన్నానని తల ఊపాను. కాగితం సంగతి అతనికి అప్పటికి తెలుసో లేదో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఇది జరిగి పదేళ్లు కావస్తోంది.

రిటైరై వచ్చాక మార్కాపురంలో ఇల్లు కట్టుకున్నాను. పల్లెలో ఉన్న రెండెకరాల్లో కంది వేస్తాం, వాన పడితే పండుతుంది. పగలంతా ఒక బ్యాంకు గుమ్మం ముందు కాపలా డ్యూటీ. సైన్యంలో చేసినవాణ్ణని అందరూ గౌరవంగానే మాట్లాడతారు. పై దేశం పోయొచ్చిన కథ చెప్పమంటారు. గోంగూర సంగతి చెప్పి ఆపేసేవాణ్ణి. నా భార్యకు కూడా అంతవరకే చెప్పాను. ఒకసారి అక్కడ ఒకతనికి దెబ్బ తగిలిందన్నాను. ఎట్లా తగిలిందో చెప్పలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. రాసింది సార్జెంటు కూతురు. వాళ్ల క్యాంపులో పనిచేసిన ఒక పాత మనిషి దగ్గర నా నంబరు సంపాదించిందట. సైనిక ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పోతే, అక్కడ తండ్రి రికార్డు చూసి, "మీ నాన్న ఆజ్ఞ మీరి చెయ్యి పోగొట్టుకున్నవాడు కదా" అన్నారట. అప్పటిదాకా ఆ పిల్లకు ఆ సంగతి తెలియదు. గాయపడిన సైనికులను ఏటా జాతీయ దినం రోజు వరసలో నిలబెట్టి గౌరవిస్తారట. తండ్రిని ఎందుకు పిలవరో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇంటికి పోయి అడిగితే ఆయన, "నన్ను పొమ్మన్నారు, పోయాను" అన్నాడట. ఎవరు పొమ్మన్నారంటే చెప్పలేదు.

చివర ఒక ప్రశ్న రాసింది. "ఆ రోజు అక్కడ మీరున్నారని విన్నాను. ఎవరు పంపారో మీకు తెలుసా?"

రెండు వారాలు జవాబు ఇవ్వలేదు. బ్యాంకు దగ్గర నిలబడితే కాళ్లు లాగేవి, కూర్చుంటే నడుము లాగేది. అన్నం సయించలేదు. నా భార్య షుగరేమోనని టెస్టు చేయించింది. షుగరు లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కందులు చెరుగుతూ అడిగింది.

"ఏందయ్యా నీ బాధ? ఎవురితో అన్నా గొడవైందా?"

చెప్పాను. బండ, వైర్‌లెస్సు, రెండు మాటలు, కాగితం, అన్నీ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి విన్నది.

"ఆయనకి తెలుసా, నువ్వు అట్ల రాసిచ్చినావని?"

"తెలిసే ఉంటది."

"తెలిసి కూడా బిడ్డకు నీ పేరు చెప్పలేదా?"

"చెప్పలేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. నా కోసమో వాళ్ల కోసమో తెలియలేదు. "నా తండ్రిని ఎవురన్నా ఇట్ల చేసింటే నేనైతే ఊరుకునేదాన్ని కాదు" అంది. చేట మళ్లీ చేతిలోకి తీసుకుని, "నిజం రాస్తే నిన్నేమన్నా చేస్తారా?" అని అడిగింది.

"తెలీదు. చేయొచ్చు."

"చేస్తే చేయనీ. రాయి. తొమ్మిదేండ్లు ఆయన మోసినాడు గదా."

మా వీధి చివర టైపింగు, జిరాక్సు దుకాణం ఉంది. నడిపే భాయ్ నాకు పాతికేళ్లుగా తెలుసు. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, కంప్యూటరు మీద ఇంగ్లీషు. ఊళ్లో సగం అర్జీలు ఆయన చేతిమీదుగా పోతాయి. నేను తెలుగులో చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో కొట్టాడు. "పో, చూడు" అన్న చోట చేతులు ఆపాడు.

"ఇది ఇట్లనే రాయమంటావా అన్నా? కొంచెం మెత్తగా రాద్దాం. ‘పరిస్థితుల ఒత్తిడి వల్ల’ అని పెడతా."

"వద్దు భాయ్. ముందు రాసింది మెత్తగానే రాసినాం. ఇట్లనే పెట్టు."

"అల్లా ఉన్నాడు, పెడతా" అని కొట్టాడు. మూడు కాపీలు తీశాడు. ఒకటి ఢిల్లీలో ఉన్న ఆ దేశపు రాయబార కార్యాలయానికి, ఒకటి మా సైన్యానికి రిజిస్టరు పోస్టులో పంపాను. మూడోదాన్ని ఫొటో తీసి ఆ అమ్మాయికి పంపి, కింద ఒకే వాక్యం రాశాను. పంపింది నేనే అని.

ఆమె దగ్గర్నుంచి జవాబు రాలేదు. నాలుగు నెలలు ఎవరి దగ్గర్నుంచీ రాలేదు. తర్వాత మా పాత అధికారి ఫోన్ చేశాడు. ఆయనా రిటైరయ్యాడు. గొంతు ముసలిదైంది.

"ఎందుకు తవ్వావు ఇదంతా? వచ్చే నెల రెండు దేశాలకూ కొత్త భద్రతా ఒప్పందం ఉంది. ఇప్పుడే దొరికిందా నీకు?"

"ఒప్పందం సంగతి నాకు తెలియదు సార్."

"నా పేరు కూడా రాశావట."

"మీరన్న మాట రాశాను సార్. పొమ్మని మీరు అనలేదని కూడా రాశాను."

"అతనికి ఇప్పుడెట్లా ఉంది?" అని అడిగాడు. తెలియదన్నాను. ఫోను పెట్టేశాడు. కోపమొస్తుందనుకున్నాను గాని నాకు రాలేదు. ఆయన కూడా ఇన్నేళ్లు నాలాగే సరిగ్గా నిద్రపోలేదేమో.

ఒప్పందం రోజున బ్యాంకులో టీవీ నడుస్తోంది. రెండు దేశాల పెద్దలు జెండాల ముందు నిలబడి ఫైళ్లు మార్చుకుంటున్నారు. పింఛను కోసం వచ్చిన ఒక అవ్వ బెంచీ మీద కూర్చుని చూస్తోంది.

"ఎవురు నాయనా వాళ్లు?"

"ఒకాయన మన దేశం, ఇంకొకాయన పై దేశం. రెండు దేశాలు తోడుగా ఉంటామని రాసుకుంటున్నారవ్వా."

"మంచిదే. తోడుంటే మంచిదే" అంది అవ్వ. "నన్ను పిలిచినారా?"

ఇంకా పిలవలేదని చెప్పాను. నేనూ ఆమె అన్నట్టే అనుకుంటాను, తోడుంటే మంచిదే. ఆ దారి వేశాక ఆ కొండల్లో జనానికి ఆస్పత్రి దగ్గరైంది, అది అబద్ధం కాదు. మేం వేసింది మంచి దారి. ఆ మంచితనం కోసమే నేను సంతకం పెట్టానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. భయపడి పెట్టాను. అది చెప్పుకోవడానికే ఇంతకాలం పట్టింది.

ఆ తర్వాత రెండు వారాలకు కాగితం వచ్చింది. ఉమ్మడి విచారణ నివేదికను మార్చాలంటే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలట. నా వాంగ్మూలాన్ని తదుపరి ఉమ్మడి సమావేశం ముందు పెడతారట. ఎప్పుడో రాయలేదు. నోటరీ చేయించి మళ్లీ పంపమన్నారు. పంపాను. ఇంకో ఫారం నింపమన్నారు. నింపాను. సగం పేజీల్లో నాన్న పేరు, పుట్టిన ఊరు అడిగినవే మళ్లీ అడిగారు.

ఆ ఫారం పంపిన వారంలో ఒక సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. ఎత్తితే ఆ అమ్మాయి. మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు. "నాన్న మాట్లాడతారట" అని ఇంగ్లీషులో చెప్పి ఫోను తిప్పింది.

జుట్టు సగం నెరిసింది. నల్ల కళ్లద్దాలు. చెక్క బల్ల మీద కూర్చున్నాడు, వెనక అరటి చెట్లు. నేను క్షమించమని అడగాలని వాక్యం తయారు చేసుకున్నాను. అంతలోనే అతను వాళ్ల భాషలో ఏదో అన్నాడు. కూతురు ఇంగ్లీషులో చెప్పింది.

"మీ ఉత్తరం చదివి వినిపించాను. ముప్పై నిమిషాలు ఆగాలని తనకూ తెలుసట. తెలిసే లేచానంటున్నారు. తప్పంతా మీ ఒక్కరి మీదే రాసుకోవద్దంటున్నారు."

"పొమ్మన్నది నేను" అన్నాను.

ఆమె చెప్పింది. అతను తల ఊపాడు. అవును, పొమ్మన్నది నువ్వే అన్నట్టు. కాదని అనలేదు. నాకు అదే కొంచెం ఊరటనిచ్చింది. తప్పు లేదని అని ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్లో మామూలు ఆస్పత్రిలో చేరిందట. సైనిక ఆస్పత్రికి మళ్లీ దరఖాస్తు పెట్టనంది. నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. రికార్డులో ఆ వాక్యం ఇంకా అట్లాగే ఉంది. ఉమ్మడి సమావేశం ఇంకా జరగలేదు. జరుగుతుందో లేదో, జరిగినా మా కాగితం ఎన్నో వరసలో ఉంటుందో ఎవరికీ తెలియదు.

నిన్న నా భార్య అడిగింది.

"ఆయన మళ్లా ఫోన్ చేస్తాడా?"

"నెలకోసారి చేస్తానన్నాడు."

"ఈసారి ఆయన భార్యను పిలవమను. నేను మాట్లాడాల."

"ఏ బాసలో మాట్లాడతావు? ఆమెకు ఇంగ్లీషు గూడా రాదు."

"నీకెందుకు? నువ్వు ఫోను పట్టుకో చాలు" అని చెప్పి, చెరిగిన కందులు డబ్బాలో పోసుకుంటూ లోపలికి పోయింది.